ముదురు రంగు కొవ్వొత్తులు: కరిగినప్పుడున్న రంగు గట్టిపడ్డాక ఉండట్లేదు

ఊదాపువ్వు_గుంటూరు

అందరికీ నమస్కారం. క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాల ఆగమన కాలం వస్తోంది కదా. మా చర్చిలో పచ్చని కొమ్మల వలయం మధ్య పెట్టే నాలుగు కొవ్వొత్తులు ఈసారి ఇంట్లోనే చేసిస్తానని ఫాదర్ గారికి మాటిచ్చాను. మూడు ఊదా రంగువి, మూడో ఆదివారానికి ఒక గులాబీ రంగుది. గులాబీ దాంతో ఇబ్బంది లేదు, తేలిగ్గా వచ్చేసింది. గొడవంతా ఊదాతోనే.

వాడుతున్నది సోయా మైనం. అచ్చు 3 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు. రంగు లిక్విడ్ డై. గిన్నెలో కరిగి ఉన్నప్పుడు చూస్తే అచ్చం నేరేడు పండు రంగు. అచ్చులోంచి తీసేసరికి లేత లావెండర్. ఇంకాస్త రంగు వేస్తే కొంచెం ముదిరింది గానీ పైన తెల్లగా బూజు పట్టినట్టు మచ్చలు. వెలిగిస్తే వత్తి సరిగ్గా మండట్లేదు, కాసేపటికి మంట చిన్నదైపోయి ఆరిపోతోంది.

బజార్లో దొరికే ఊదా కొవ్వొత్తులు అంత చిక్కగా ఎలా ఉంటాయి? డై మార్చాలా, మైనం మార్చాలా?

విశాఖ_జార్లు

అక్కా, సోయాలో అంతే. నేను మూడేళ్లుగా గాజు జార్లలో పోసిన సోయా కొవ్వొత్తులే అమ్ముతున్నాను. సోయాతో ముదురు రంగు అడిగే కస్టమర్‌కి రాదని ముందే చెప్పేస్తాను. లేత రంగులు, మట్టి రంగులు మాత్రం అద్భుతంగా వస్తాయి.

ఆ తెల్ల మచ్చలు బూజు కాదు, కంగారు పడకండి. దాన్ని ఫ్రాస్టింగ్ అంటారు. సోయా స్ఫటికాలు కట్టేటప్పుడు పైన తేలే తెలుపు అది. లేత రంగులో కూడా ఉంటుంది, కాకపోతే కనబడదు. ముదురు రంగులో మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

నాన్న_ల్యాబ్

మా పిల్లల దగ్గర విరిగిపోయిన క్రేయాన్లు డబ్బా నిండా ఉన్నాయి. అవీ మైనమే కదా. కరిగించి కలిపేస్తే చిక్కటి రంగు రాదా? యూట్యూబ్‌లో చాలామంది అలాగే చేస్తున్నారు.

రాజమండ్రి_మైనం

క్రేయాన్లు వద్దు బాబూ. రంగు బాగానే వస్తుంది, మొదటిసారి వెలిగించినప్పుడు మంట కూడా బాగానే ఉంటుంది. అందుకే వీడియోలో అందంగా కనిపిస్తుంది. వీడియో తీసేవాళ్ళు మూడు గంటలు కూర్చుని చూపించరు కదా.

క్రేయాన్‌లో ఉండేది పిగ్మెంట్. అంటే కరగని మెత్తటి పొడి. మంట నిలబడాలంటే కరిగిన మైనం వత్తి పోగుల గుండా పైకి పాకాలి. ఆ పొడి దానితోపాటు వెళ్ళి పోగుల సందుల్లో ఇరుక్కుంటుంది. దారి మూసుకుపోతే మంటకి మైనం అందదు. ఊదాపువ్వు గారి మంట చిన్నదవడానికి కారణం కూడా ఇలాంటిదే అయ్యుంటుంది. లిక్విడ్ డై అని రాసి ఉన్నా లోపల పిగ్మెంట్ కలిపి అమ్మేవాళ్ళున్నారు.

తేల్చుకోవడానికి ఇంట్లోనే చిన్న పరీక్ష ఉంది. గోరువెచ్చటి కొబ్బరి నూనె ఒక చెంచాడు తీసుకుని మీ రంగు ఒక బొట్టు కలపండి. దేవుడి దగ్గర వాడే దూది వత్తి ఒకటి అందులో సగం ముంచి, మిగతా సగం గిన్నె అంచు మీద వాల్చండి. అరగంట ఆగి చూడండి. నూనెతోపాటు రంగు కూడా కొసదాకా ఎక్కితే అది నిజమైన డై. నూనె తెల్లగా పైకెళ్ళి, రంగు కిందే ఉండిపోతే పిగ్మెంట్. దాన్ని కొవ్వొత్తి లోపల వేయొద్దు.

ఊదాపువ్వు_గుంటూరు

చేశాను మాస్టారూ. వత్తికి పావువంతు వరకే రంగు ఎక్కింది. పైనంతా తెల్లగా నూనె. గిన్నె అడుగున సన్నటి గసిలాంటిది కూడా ఉంది.

రాజమండ్రి_మైనం

అయితే సంగతి తేలిపోయింది. ఆ సీసా పక్కన పెట్టేయండి. పారేయక్కర్లేదు, కొవ్వొత్తి పైన బొమ్మలు వేసుకోవడానికి పనికొస్తుంది.

రంగుల_కెమిస్ట్రీ_హైద్రాబాద్

నేను డైల కంపెనీలో పనిచేస్తాను, నాలుగు ముక్కలు రాస్తాను.

సోయాలో రంగు ఎందుకు పాలిపోతుందంటే: కరిగిన మైనం అద్దంలా పారదర్శకం. వెలుగు లోపలికి బాగా దూరి వెళ్ళి, దారిలో బోలెడు డై అణువుల్ని తాకి బయటికొస్తుంది. అందుకే చిక్కగా కనిపిస్తుంది. గట్టిపడ్డాక సోయా మైనంలో లెక్కలేనన్ని సన్నటి తెల్లటి స్ఫటికాలు. వెలుగు లోపలికి పోకముందే చెదిరిపోయి తెల్లగా వెనక్కి తిరిగొస్తుంది. ఆ తెలుపు మీ ఊదాతో కలిస్తే కనబడేది లావెండరే. డై రెట్టింపు చేసినా ఆ తెలుపు ఎక్కడికీ పోదు.

పారఫిన్‌లో, అంటే పెట్రోలియం నుంచి తీసే మైనంలో, ఈ చెదరడం తక్కువ. పలచగా ఉన్నచోట వెలుగు అటు నుంచి ఇటు కనిపిస్తుంది కూడా. అదే మోతాదు డై పారఫిన్‌లో వేస్తే రెండు మెట్లు ముదురుగా వస్తుంది. బజారు కొవ్వొత్తుల చిక్కదనానికి సగం కారణం అదే.

డై కొనేటప్పుడు ‘ఆయిల్ సాల్యుబుల్’, అంటే నూనెలో కరిగేది, అని గట్టిగా అడగండి. పరిశ్రమలో వీటిని సాల్వెంట్ డైలు అంటారు. సాల్వెంట్ వయొలెట్ 13, సాల్వెంట్ గ్రీన్ 3, సాల్వెంట్ బ్లూ 35, సాల్వెంట్ రెడ్ 24 లాంటి పేర్లతో వస్తాయి. బేగంబజార్‌లో కొన్ని దుకాణాల్లో మైనం రంగు అంటే ముగ్గుల రంగు చేతిలో పెడతారు. కేకుల్లో వేసే ఫుడ్ కలర్ అసలే వద్దు. నీళ్ళలో కరిగే రంగు మైనంలో కలవదు, అడుగున గోళీల్లా నిలుస్తుంది.

మా_కారంపొడి

సాల్వెంట్ రెడ్ 24 అంటే సూడాన్ 4 కదా? మా గుంటూరులో సూడాన్ అంటే ఉలిక్కిపడతాం.

రంగుల_కెమిస్ట్రీ_హైద్రాబాద్

అదే కుటుంబం. 2003లో మన దేశం నుంచి వెళ్ళిన కారం సరుకుల్లో సూడాన్ 1 దొరికిందని ఐరోపా సమాఖ్య మిరపకి పరీక్ష తప్పనిసరి చేసింది. మీరు ఉలిక్కిపడేది అందుకే. తిండిలో వీటికి చోటే లేదు. మైనానికి, నూనెలకి, పాలిష్‌లకి వాడతారు. పొడి చాలా తేలిగ్గా ఎగురుతుంది. కాబట్టి ఫ్యాన్ ఆపి, మాస్కు, చేతులకి గ్లౌజులు పెట్టుకుని తూకం వేయండి. వంటకి వాడే గిన్నె, చెంచా దీనికి పనికిరావు. ఒకసారి వాడిన గిన్నెని మైనానికే వదిలేయాలి.

టెక్సాస్_తెలుగమ్మాయి

డాలస్ నుంచి. ఇక్కడ డై చిప్స్ అని చిన్న బిళ్ళలు దొరుకుతాయి. పొడిలా ఎగరదు, చేతికి అంటదు. ఇండియాలో దొరక్కపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. 1 గ్రాము పొడిని 20 గ్రాముల వేడి పారఫిన్‌లో పూర్తిగా కరిగించి ఐస్ ట్రేలో చిన్న చిన్న ముక్కలుగా పోసుకోండి. తర్వాత పొడితో పనిలేదు, మైనంలో బిళ్ళ వేసుకుంటే చాలు. ప్రతి బ్యాచ్‌కీ ఒకే రంగు రావడానికి కూడా ఇదే సులువు, ఎందుకంటే 0.3 గ్రాములు తూచడం వంటింటి కాటాతో కాదు, దానికి సరిపడే సుమారు 6 గ్రాముల బిళ్ళ తూచడం అవుతుంది.

రాజమండ్రి_మైనం

అమ్మాయి చెప్పింది బాగుంది. నేను ఆ బిళ్ళలు స్టియరిక్ యాసిడ్‌లో (మైనం గట్టిపడడానికి కలిపే కొవ్వు ఆమ్లం) చేస్తాను. డై అందులో ఇంకా తొందరగా కరుగుతుంది. ట్రేలో పోసే ముందు పాత మెత్తటి పంచె గుడ్డలో వడకట్టండి. కరగకుండా మిగిలిన పొడి గుడ్డలో ఆగిపోతుంది. లేకపోతే కొవ్వొత్తి మీద నల్ల చుక్కలు పడతాయి.

మోతాదు అడుగుతారని రాస్తున్నా. పొడి డై అయితే, కిలో పారఫిన్‌కి 0.2 గ్రాములు వేస్తే లేత రంగు, అర గ్రాముకి మామూలు రంగు, 1 నుంచి 2 గ్రాముల మధ్య ముదురు. డైని బట్టి మారుతుంది. మైనం 80, 85 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు వేసి నెమ్మదిగా కలపాలి. 60 దగ్గర వేస్తే అడుగున కూర్చుంటుంది.

ఊదాపువ్వు_గుంటూరు

ధన్యవాదాలు అందరికీ. అంటే 58/60 (58, 60 డిగ్రీల మధ్య కరిగే) పారఫిన్ తెచ్చుకుని కిలోకి 2 గ్రాములు వేస్తే నాకు కావల్సిన ఊదా వస్తుందన్నమాట?

రాజమండ్రి_మైనం

వస్తుంది. కానీ నేనైతే అలా చేయను.

కొవ్వొత్తి మొత్తం ముదురు రంగుతో పోస్తే వత్తి ఆ డై అంతా మోసుకెళ్ళాలి. ముదురు రంగు దాంట్లో వత్తి కొసన నల్లటి గడ్డ కడుతుంది. మసి ఎక్కువ. వత్తి ఒక సైజు లావుది వేయాలి. లావుది వేస్తే మంట పెద్దదై 3 అంగుళాల కొవ్వొత్తి పక్కనుంచి కారుతుంది. ఒకటి సర్దితే ఇంకోటి చెడుతుంది.

అసలు చూసేవాడి కంటికి తగిలేది పైపొర ఒక్కటే. లోపల ఎంత డై పోసినా ఎవరికీ కనబడదు. బజార్లో చూసే ముదురు కొవ్వొత్తుల్లో చాలావాటిని అడ్డంగా కోసి చూడండి, లోపల తెలుపో లేత రంగో ఉంటుంది. ముందు తెల్ల కొవ్వొత్తి చేసి, చివర్లో చిక్కటి రంగు మైనంలో ముంచి తీస్తారు. మా దగ్గర దీన్ని ముంచుడు అనే అంటాం. మీ పనికి అదే సరైనది.

చేసే విధానం చెబుతాను. నిదానంగా చదవండి.

లోపలి కొవ్వొత్తి లేత ఊదాలో పోయండి, కిలోకి 0.2 గ్రాములు చాలు. మరీ తెల్లగా ఉంటే కాలే కొద్దీ పైన తెల్ల గుంట చుట్టూ ఊదా అంచు కనబడుతుంది, చర్చిలో అది అంత బాగుండదు. అచ్చులోంచి తీశాక కనీసం ఒక రాత్రి ఆగనివ్వండి. అతుకు గీతలు కత్తి వీపుతో గీకి, పాత నైలాన్ సాక్సుతో రుద్ది నునుపు చేయండి. చేతి నూనె, దుమ్ము ఉన్నచోట పొర అంటుకోదు.

ముంచే మైనానికి పొడవాటి డబ్బా కావాలి. పాలు పోసే పొడవాటి స్టీల్ క్యాన్ అయితే బాగుంటుంది. 8 అంగుళాల కొవ్వొత్తి నిలువునా మునగాలి, పైన ఇంకో 3 అంగుళాలు ఖాళీ ఉండాలి. కొవ్వొత్తి దించగానే మైనం పైకి లేస్తుంది, అంచుదాకా పోసుకున్నవాళ్ళు పొయ్యి మీద పొంగించుకుంటారు. ఈ మైనంలో కిలోకి 3 గ్రాముల దాకా డై వేయొచ్చు, ఎందుకంటే కొవ్వొత్తికి పట్టేది వెంట్రుకవాసి పొర, వత్తికి దీంతో పెద్ద సంబంధం ఉండదు. డబ్బాని నీళ్ళ గిన్నెలో నిలబెట్టి వేడి చేయండి, నేరుగా మంట మీద వద్దు.

వేడి 75 నుంచి 80 డిగ్రీలు. ఇక్కడే చెయ్యి తిరగాలి. 70 కన్నా తక్కువైతే పొర మందంగా, గరుకుగా, గడ్డలుగా పడుతుంది. 85 దాటితే పట్టాల్సిన పొర పట్టకపోగా లోపలి కొవ్వొత్తి కరిగి రంగు మైనంలో కలుస్తుంది. వత్తి పట్టుకుని తిన్నగా దించి, రెండు మూడు సెకన్లలో ఆగకుండా ఒకే వేగంతో పైకి తీయాలి. మధ్యలో ఆగితే అక్కడ గీత పడుతుంది. ఒక నిమిషం గాల్లో పట్టుకోండి. పై మెరుపు పోయి మాసినట్టు అయ్యాక మళ్ళీ ముంచండి. మూడు ముంపులకి మీ నేరేడు రంగు వస్తుంది. ఆఖరి ముంపు అవ్వగానే గది వేడిలో ఉన్న నీళ్ళ బకెట్‌లో ఒకసారి ముంచి తీస్తే మెరుపు నిలుస్తుంది. అడుగున చుక్కలా మిగిలిన మైనాన్ని వెచ్చగా ఉండగానే కత్తితో కోసేయండి. లేదంటే కొవ్వొత్తి నిలబడదు.

లోపలి కొవ్వొత్తి ఫ్రిజ్‌లోంచి తీసి ముంచొద్దు. చల్లటి దాని మీద వేడి పొర వారం తిరక్కుండా పగుళ్ళు ఇస్తుంది.

నాన్న_ల్యాబ్

అబ్బ. ఇది కదా కావల్సింది. పెద్దాయన పోస్టు పిన్ చేయండి.

వేదిక_నిర్వాహకులు

పిన్ చేశాం.

కొత్తగా_మొదలు

మూడు కొవ్వొత్తుల కోసం డబ్బా నిండా రెండు మూడు కిలోల మైనం ఎక్కడ పెడతాం? డబ్బాలో సగం వేడినీళ్ళు పోసి, పైన మైనం తేలేలా చేసి ముంచితే చాలదా? మైనం నీటి మీద తేలుతుంది కదా.

రాజమండ్రి_మైనం

కొందరు చేస్తారు. నేను ఒప్పుకోను. అడుగున నీళ్ళు, పైన మైనం మూతలా. అడుగు నుంచి వేడి తగిలి నీళ్ళు మరిగితే ఆవిరి బుడగ ఆ మైనాన్ని చీల్చుకుని పైకి తంతుంది. కాగే నూనెలో నీళ్ళు పడితే ఏమవుతుందో వంటింట్లో అందరికీ తెలుసు. పైగా పొరల మధ్య నీటి బుడగలు ఇరుక్కుని కొవ్వొత్తి చిటపటమంటుంది.

తక్కువ మైనంతో చేయాలంటే పోత పద్ధతి. పళ్ళెంలో చిన్న ఇనప జాలీ పెట్టి, కొవ్వొత్తిని దాని మీద నిలబెట్టి, 80 డిగ్రీల రంగు మైనాన్ని మూతి సన్నగా ఉన్న జగ్గుతో పైనుంచి చుట్టూ తిప్పుతూ పోయాలి. పళ్ళెంలో పడ్డది మళ్ళీ కరిగించి వాడుకోవచ్చు. ముంచినంత నునుపు రాదు.

రంగుల_కెమిస్ట్రీ_హైద్రాబాద్

దీనికి తలకిందులు పద్ధతి కూడా ఉంది, గుల్ల పోత. ముదురు రంగు మైనాన్ని అచ్చు నిండా పోసి, గోడకి 3, 4 మిల్లీమీటర్లు గట్టిపడేదాకా ఆగి, మధ్యలో ద్రవంగా ఉన్నదాన్ని వెనక్కి గిన్నెలోకి ఒంపేయాలి. అచ్చులో ముదురు రంగు గుల్ల మిగులుతుంది. అందులో లేత మైనం పోయాలి, అయితే 65 డిగ్రీలకి దింపి పోయాలి, లేకపోతే గుల్ల కరిగి చారలు పడతాయి. ముంచడానికి డబ్బా లేనివాళ్ళకి ఇది నయం. అచ్చులో ఉన్న చెక్కుడు బొమ్మలు కూడా చెడవు.

విశాఖ_జార్లు

ఇవన్నీ నిలబెట్టే కొవ్వొత్తులకి సరే. మా జార్ల వాళ్ళ సంగతేంటి? జార్‌ని ముంచలేం కదా. నల్ల క్యాండిల్ అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు.

టెక్సాస్_తెలుగమ్మాయి

జార్ రంగు మార్చండి, మైనం కాదు :) మాట్ బ్లాక్ గాజు, ముదురు ఆకుపచ్చ గాజు, ఆంబర్ గాజు. లోపల రంగులేని సోయా. మసి తక్కువ, ఫ్రాస్టింగ్ గోల లేదు. వెలిగించినప్పుడు కూడా తేడా ఉంది. నల్లటి మైనం వెలుగుని మింగేస్తుంది, జార్ చీకటి గుంతలా ఉంటుంది. తెల్ల మైనం వెలిగితే ముదురు గాజు లోపలినుంచి మెరుస్తుంది.

విశాఖ_జార్లు

గాజుకి ఖర్చు ఎక్కువండీ. పైగా కస్టమర్ మూత తీసి చూసి “మైనం తెల్లగా ఉందేంటి” అంటారు.

రంగుల_కెమిస్ట్రీ_హైద్రాబాద్

తప్పదంటే పారఫిన్, సోయా కలిపిన మిశ్రమం వాడండి. పారఫిన్ పాలు పెరిగే కొద్దీ రంగు ముదురుతుంది. ఫ్రాస్టింగ్ తగ్గడానికి జార్లని ముందే వెచ్చబెట్టి, ఏసీ గాలి తగలకుండా నెమ్మదిగా చల్లారనివ్వండి.

నలుపు గురించి ఒక మాట. నలుపు అని అమ్మేది చాలాసార్లు బాగా చిక్కటి నీలమో, ఊదానో. తక్కువ వేస్తే ఆ గుట్టు బయటపడుతుంది, బూడిద రంగు రావాల్సింది ఊదా వస్తుంది. తెల్ల టైలు మీద ఒక చుక్క వేసి పలచగా పామి, అంచు ఏ రంగులో ఉందో చూడండి. అంచు ఊదాగా ఉంటే చిటికెడు పసుపు డై కలపండి, నీలంగా ఉంటే నారింజ. ఎదుటి రంగు కలిసేకొద్దీ నలుపు నల్లబడుతుంది. మెరూన్ కావాలంటే ఎరుపులో నలుపు కలుపుతారు చాలామంది, మట్టి కొట్టుకుపోతుంది. ఎరుపులో రవ్వంత ఆకుపచ్చ వేసి చూడండి. బాటిల్ గ్రీన్‌కి అదే తిరగేసి, ఆకుపచ్చలో రవ్వంత ఎరుపు.

చుక్క పరీక్ష ఎప్పుడూ పూర్తిగా గట్టిపడ్డాకే, పగటి వెలుగులో చూడండి. రాత్రి ఎల్‌ఈడీ కింద నచ్చిన ఊదా తెల్లారేసరికి వేరేలా కనిపిస్తుంది.

వాసన నూనెలు వాడేవాళ్ళు వెనిలిన్ (వెనిలా వాసననిచ్చే పదార్థం) ఉందేమో అడగండి. వెనిలిన్ ఉన్నది రోజులు గడిచేకొద్దీ మైనాన్ని గోధుమ రంగుకి లాగుతుంది. నలుపు, చాక్లెట్ రంగుల్లో అది మనకి లాభమే. ఊదాలో, నీలంలో మాత్రం పాడు చేస్తుంది.

పచ్చివెలుగు

ఇన్ని రసాయనాలు ఎందుకండీ? సహజ రంగులతో ముదురు రావా? బీట్‌రూట్ ఊదాగానే ఉంటుంది కదా.

రంగుల_కెమిస్ట్రీ_హైద్రాబాద్

బీట్‌రూట్ నీళ్ళ రంగు, మైనంలో దిగదు. నీలిమందు నూనెలో కరగదు, పిగ్మెంట్‌లా వత్తిని మూసేస్తుంది. నూనెలో దిగే సహజ రంగులు కొన్నే: పసుపు, జాఫ్రా గింజ, రతన్‌జోత్ వేరు. రోగన్ జోష్‌కి ఆ ఎరుపు ఇచ్చేది రతన్‌జోతే. వేడి మైనంలో వేరు ముక్కలు గుడ్డలో మూటకట్టి వేసి, రంగు దిగాక మూట తీసేయాలి. చక్కటి ఎరుపు వస్తుంది. ఊదా రావాలంటే దానికి క్షారం కావాలి. మైనంలో, అందులోనూ స్టియరిక్ యాసిడ్ ఉంటే, ఎరుపు వైపే నిలబడుతుంది. ఎండకి తొందరగా వెలుస్తుంది కూడా.

పచ్చివెలుగు

తేనెమైనంలో?

రాజమండ్రి_మైనం

తేనెమైనం పుట్టుకతోనే పసుపు. అందులో నీలం వేస్తే ఆకుపచ్చ, ఊదా వేస్తే గోధుమ. మెరూన్, చాక్లెట్, ముదురు ఆకుపచ్చ మాత్రం దాంట్లో రాజసంగా ఉంటాయి. ఊదా కావాలంటే తెలుపు చేసిన తేనెమైనం కొనాలి.

ఊదాపువ్వు_గుంటూరు

అందరికీ చెబుతున్నాను, మూడూ అయిపోయాయి! పారఫిన్‌తో లోపల లేత ఊదా, పైన మూడు ముంపులు. మా పక్కింటి పాలాయన పాత క్యాన్ ఇచ్చారు. మొదటిదాన్ని 70 దగ్గర ముంచితే మాస్టారు చెప్పినట్టే గడ్డలు కట్టింది. 78 దగ్గర ముంచితే గాజులా వచ్చింది. కోసి చూపించడానికి మనసొప్పలేదు గానీ, అడుగున చుక్క కోసినప్పుడు చూశాను, పొర మందం గోరంత కూడా లేదు.

రెండు సందేహాలు. చర్చిలో ఈ వలయం కిటికీ పక్కనే పెడతారు, నాలుగు వారాలు. వెలిసిపోదు కదా? రెండోది, బలిపీఠం మీద తెల్ల గుడ్డ. చుక్క పడితే?

రంగుల_కెమిస్ట్రీ_హైద్రాబాద్

వెలవడం డైని బట్టి. ఎరుపు, నీలం కలిపి చేసిన ఊదా అయితే రెండింట్లో ఏదో ఒకటి ముందు ఎగిరిపోతుంది, ఊదా కాస్తా నీలంలోకో గులాబీలోకో జారుతుంది. ఒకే డైతో వచ్చే ఊదా, అంటే వయొలెట్ 13 లాంటిది, దానికన్నా నిలబడుతుంది. ఎండ నేరుగా పడకుండా చూడండి. పూజ లేనప్పుడు ఒక గుడ్డ కప్పినా చాలు. అమ్మకానికి చేసేవాళ్ళు ఎండకి రంగు వెలవకుండా కాపాడే యూవీ స్టెబిలైజర్ కలుపుతారు, మీకు అక్కర్లేదు. ఫ్లోరసెంట్ గులాబీ డై ఎండకి అన్నిటికన్నా ముందు పోతుంది. మీ గులాబీ కొవ్వొత్తికి ఏది వాడారో ఒకసారి చూసుకోండి.

రాజమండ్రి_మైనం

గుడ్డ సంగతి నేను చెబుతా. ముందు చుక్క పడకుండా చూసుకోవాలి. ప్రతి కొవ్వొత్తి కింద అంచున్న చిన్న ఇత్తడి పళ్ళెం పెట్టండి. వెలిగించే ముందు వత్తిని పావు అంగుళానికి కత్తిరించండి. ఏసీ, ఫ్యాన్ గాలి తగలకూడదు, కారేది ఎక్కువగా గాలికే. పూజ అయ్యాక నోటితో ఊదొద్దు, చుక్కలు ఎగిరేది అప్పుడే. మూతలాంటిది బోర్లించి ఆర్పండి.

అయినా పడితే తడిగా ఉండగా తుడవకండి, పాకుతుంది. గట్టిపడ్డాక గోటితో పెళ్ళ ఎత్తేయండి. గుడ్డకి పైనా కిందా తెల్ల కాగితం లేదా టిష్యూ పెట్టి గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టె ఆనించండి. మైనం కాగితంలోకి పోతుంది. కాగితం మారుస్తూ ఉండండి, న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. మైనం పోయాక కూడా ఊదా మరక మిగులుతుంది, ఎందుకంటే డై పోగులోకి దిగిపోతుంది. దాన్ని సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో అంచు నుంచి మధ్యకి అద్దాలి, రుద్దకూడదు. ముందు గుడ్డ మూలన ఒకసారి పరీక్షించుకోండి. స్పిరిట్ పూర్తిగా ఆరిపోయేదాకా ఆ గుడ్డ దగ్గర దీపం వద్దు.

మా_కారంపొడి

మాస్టారూ, మిగిలిన రంగు మైనం సింకులో పోయొచ్చా వేడినీళ్ళతో?

రాజమండ్రి_మైనం

పోస్తే ప్లంబర్‌కి పని. పేపర్ కప్పుల్లో పోసి గట్టిపడనిచ్చి దాచుకోండి, వచ్చే ఏడాది ముంపుకి పనికొస్తుంది. కప్పు మీద డై పేరు, కిలోకి ఎన్ని గ్రాములో రాసి పెట్టుకోండి.